రెండోసారి అదే మోకాలు

ముడువు హెల్వీ, ఇంకా ముడువు,
మడమ తొడను ముట్టేదాకా.
చిప్ప కిందికి జారి తప్పుకుంటేనే
దాని వెనక దాగినది దొరుకుతుంది.

ఔలులో జనవరి.
మధ్యాహ్నం రెండున్నరకే పొద్దు గుంకింది.
బడి బస్సులో పదకొండుమంది దిగారు,
ఏ నొప్పీ ఎరగని పిల్లలు.
ఉన్ని మేజోళ్ళ నిండా మంచుపొడి,
స్లెడ్జి మీంచి పడ్డ గీతలు,
పసుపు తిరుగుతున్న పాత దెబ్బలు.
జబ్బు ఎంత తినేసిందో చెప్పాలంటే
అది ముట్టని మోకాళ్ళ లెక్క ముందు ఉండాలి గదా.

జెల్ రాయగానే కెవ్వుమంది హెల్వి:
"నక్క నాకినట్టుంది!"

తెర మీద నల్లటి చార, మృదులాస్థి.
దాని కింద ఎముక, సున్నంతో గీసినట్టు.
శబ్దం దేన్నీ తాకకుండా
చప్పుడు చెయ్యకుండా దాటిపోయిన చోటు ఆ నలుపు.
ఈ అంచు మీద ఒక చుక్క, ఆ అంచు మీద ఒక చుక్క.
మూడు పాయింట్ ఆరు.

చేతిలోని పరికరాన్ని ఇసుమంత వంచాను,
మూడు పాయింట్ తొమ్మిది.
కాస్త నొక్కాను, ఇంకో అంకె.
మోకాలు కదల్లేదు.
హెల్వి ఊపిరి కూడా బిగబట్టే ఉంది.
కదిలింది నేను.

తర్వాత రైమో వంతు.
నా కాగితం బోర్లించి, నేను గోడవైపు తిరిగి నిలబడాలి.
అదీ నియమం.
ఇరవై రెండేళ్ళుగా
పిత్తాశయాల్లో రాళ్ళూ, కడుపుల్లో కవలలూ
వెతికి వెతికి తిరిగిన చెయ్యి నాది.
అయినా అరచేతిలో చెమట.
వెనక నుంచి రైమో గొంతు:
"మూడు పాయింట్ మూడు."

వెంట్రుకవాసి తేడా అంటాం, ఎంత తేలిగ్గానో!
ఇక్కడ నాలుగు వెంట్రుకలు పడతాయి.
ఇద్దరం కళ్ళలో వత్తులేసుకునే చూశాం.
ఆ నాలుగు వెంట్రుకల సందులో
ఎవరో బిడ్డకు వారం వారం సూది మొదలవుతుంది,
ఎవరో బిడ్డకు ఆగిపోతుంది.

సముద్రం గడ్డకట్టిన నెలల్లో
నాన్న మంచు మీద చేపలకు పోయేవాడు.
బర్మాతో బెజ్జం వేసి, కొక్కెం దించి, మందం చూసి,
పది అడుగులు నడిచి మళ్ళీ వేసేవాడు.
నాకేమో కాళ్ళు కొయ్యబారేవి.
"ఇందాక చూశావుగా నాన్నా!"
"అది ఇందాకటి చోటు, ఇల్మా."

వేళ్ళ కణుపులైతే మరీ పేచీ.
చిక్కుడు గింజంత చోటులో
నా అంకె ఒక దారి, రైమో అంకె ఒక దారి.
మోకాలే నయం,
అది కాస్త మా మాట వింటుంది.

ఇంకో చిక్కుంది.
ఈ నలుపు పిల్లల్లో ఎటూ తరుగుతుంది,
కొంచెం కొంచెంగా ఎముకకు చోటిస్తూ.
ఎనిమిదేళ్ళప్పటి మందం పన్నెండేళ్ళకు మిగలదు.
తరగడమే ఒక ఒంట్లో ఎదగడం,
ఇంకో ఒంట్లో అదే తరుగు జబ్బు.
ఆ తేడా తెర చెప్పదు.

వారం తర్వాత మళ్ళీ వచ్చింది హెల్వి,
ముందుపన్ను ఒకటి ఊడిపోయి.
మంచం ఎక్కుతూనే మడమ తొడకు ఆనించింది,
నేను చెప్పకుండానే.
"మా అన్నది ఎంతుంటుంది? నాకంటే పల్చగానా?"
ఒయ్వా మోకాళ్ళు ఈ పదకొండు జతల్లో లేవు.
అవి వేరే ఫైలులో, వేరే అంతస్తులో ఉన్నాయి.
నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియదు.

"నాది ఎంత?" బొటనవేలూ చూపుడువేలూ ఎడంగా పట్టి
"ఇంతా?"
ఇంకా దగ్గరికి.
"ఇంతా?"
ఇంకా.
వేలికి వేలు తగలబోయేముందు
ఆగమన్నాను.
ఆ సందులోంచి ఒంటికన్నుతో నన్ను చూసింది.

తలుపు దగ్గర ఒయ్వా
చెల్లెలి బూట్లు పట్టుకుని నిలబడి ఉన్నాడు,
బరువంతా ఎడమకాలి మీద వేసి.

చుక్క పెట్టాను. చెరిపాను.
మళ్ళీ పెట్టాను.
మూడు పాయింట్ అయిదు.
కాగితం బోర్లించి
రైమోను పిలిచాను.