ఆరో అంతస్తు మలుపు

లీడ్స్‌లో మా ఆఫీసుకి తొమ్మిది అంతస్తులు.
నాది ఆరు.
గంట మోగిందంటే లిఫ్టు నోరు మూసుకుంటుంది.
మెట్ల మలుపులో, ఆకుపచ్చ బోర్డు కింద
నా చక్రాల కుర్చీకి కొలిచి గీసిన పసుపు గడి ఒకటుంది,
తొక్కుడుబిళ్లలో ఆఖరి గడిలాగా.
అందులో నిలబడి, అంటే కూర్చుని,
జనం దిగిపోవడం చూస్తాను.

ముందు పైఅంతస్తుల వాళ్లు, వడగళ్లలా.
తర్వాత అకౌంట్స్ వాళ్లు, కాఫీ కప్పులతో సహా.
నా దాకా వచ్చేసరికి ప్రతివాళ్లూ
గోడవైపు జరిగి "సారీ" అంటారు.
ఒకసారి లెక్కపెట్టాను, నూట పదిహేడు సారీలు.
అన్నీ పోగేస్తే ఒక ర్యాంపు కట్టుకోవచ్చు.

బ్రెండన్‌కి మోకాలు అరిగింది.
ఒక్కో మెట్టు మీదా రెండు పాదాలూ ఆనించి గానీ కిందికి దిగడు.
అతని వెనక జనం చిక్కబడతారు,
సన్నసెగ మీద మరిగే పాలలా.
ఎవరో నాలుక చప్పరిస్తారు.
చూపు ఆనని జుబైదా మాత్రం
గోడ మీద వేళ్లు జార్చుకుంటూ
అందరికంటే ముందే మలుపు తిరిగిపోతుంది.
కరెంటు ఉన్న మెట్లూ పోయిన మెట్లూ ఆమెకి ఒకటే.

కిందటేడు ఒకాయన వచ్చాడు, మెడలో స్టాప్‌వాచీతో.
మీటరు వెడల్పులో సెకనుకి ఎంతమంది, అదీ ఆయన లెక్క.
తెర మీద అందరూ నీలం చుక్కలు.
నేను ఎర్రచుక్క. కాస్త పెద్దది.
ఏట్లో రాయికి అటూ ఇటూ నీళ్లు చీలినట్టు
నా పక్కనుంచి నీలం పాయలై పోతోంది.
"చూశారా, ఇక్కడే ప్రవాహం తగ్గుతోంది" అన్నాడు మర్యాదగా.
చూశాను.
రాయి కూడా తడుస్తుందని ఆ బొమ్మలో లేదు.

ఫలితం: నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు. భవనం ఖాళీ.
కింద పచ్చిక మీద చప్పట్లు కొట్టారు.
ఖాళీ భవనంలో కూర్చున్న నాకు
బాగానే వినిపించాయి.

నవంబరులో నిజంగానే పొగ వచ్చింది,
మూడో అంతస్తులో ఎవరి టోస్టరో.
నేను నా గడిలో. గోడ ఫోనులో గరగర.
బ్రెండన్ నాలుగు మెట్లు దిగి ఆగాడు.
పక్కకి ఒదిగి అందరినీ పోనిచ్చి
మళ్లీ నాలుగూ ఎక్కి, నా పక్కన కూలబడ్డాడు.
"ఎలాగూ నా వెనక తిట్టుకుంటారు" అన్నాడు.
జేబులో ఒక్కటే పిప్పరమెంటు.
టై అంచులో చుట్టి కొరికి సగం ఇచ్చాడు.
కాకెంగిలి అనే మాట అతనికి తెలియదు.

ఫైరింజను వాళ్లు వచ్చి నన్ను పట్టీల కుర్చీలో దించారు.
ముందు బ్రెండన్, రెండేసి పాదాలతో.
హెల్మెట్లు, గొట్టాలు, నేను,
అందరం అతని మోకాలి వేగంతోనే దిగాం.

బయట వాన.
టుండే చేతిలో జాబితా నానిపోతోంది.
రెండు పేర్ల దగ్గర పెన్ను ఆపి నిలబడ్డాడు.
ఖాళీ అని ఇంకా ఎవరికీ చెప్పలేదట.

మర్నాడు నా బల్ల మీద ఒక ఫారం.
మొత్తం సమయం: పందొమ్మిది నిమిషాలు.
ఆలస్యానికి కారణం?
ఇరుకు గడి, ఒక్క మాటే పడుతుంది.
మెట్లు, అని రాశాను.