ఎండుగడ్డి, ఇనుపకడ్డీ

లేవార్డెన్ కోర్టులో మూడో వరుస నాది.
ఒళ్లో కాగితం. పెట్టెలు, బాణాలు.
అన్నమాటకో పెట్టె, కాదన్నమాటకో బాణం.
ఖ్రోనింగెన్‌లో ఏడేళ్లుగా ఇదే నా సేద్యం.
వాదమంటే ఐదే ఎత్తులని తేల్చాను:
అంటాను. ఎందుకు? ఎందుకంటే. ఒప్పుకుంటాను. వెనక్కి తీసుకుంటాను.
మిగతాదంతా దగ్గు, కుర్చీల చప్పుడు.

కేసు చిన్నది.
యెల్ట్యె టోల్స్మా గడ్డికొట్టం ఆగస్టులో తగలబడింది,
పదకొండు దూడలతో సహా.
ముందురోజే కాలువగట్టు మీద హద్దు తగాదా.
"చూస్తా నీ సంగతి" అన్నాడు పక్క పొలం విబ్రెన్.
రాత్రి పొగ చూశానన్నాడు పాలబండి డ్రైవరు.
ప్రాసిక్యూటరుకి అంతే చాలు:
నిప్పు లేనిదే పొగ రాదు,
పగ లేనిదే నిప్పు రాదు.
రెండు బాణాలు గీశాను. రెండోది కాస్త వంకరగా వచ్చింది.

డిఫెన్సు లాయరు లేచింది. సన్నటి మనిషి, జలుబు.
విబ్రెన్ మంచివాడని అనలేదు.
పొగ అబద్ధమనీ అనలేదు.
తడారకుండా కుప్పేసిన గడ్డి
తన వేడికి తానే రాజుకుంటుందని మాత్రం అంది.
ఈ బాణం ఏ పెట్టెనూ పొడవదు,
రెండు పెట్టెల మధ్య వంతెనను కోస్తుంది.
దానికి నా దగ్గర చుక్కల గీత ఉంది.
గీశాను, కొంచెం గర్వంగానే.

అప్పుడు జడ్జి యెల్ట్యెని అడిగింది:
"ఆ వారం గడ్డిలో కడ్డీ గుచ్చి వేడి చూశారా?"

యెల్ట్యెది ఫ్రిసియన్. అది ఆమె హక్కు.
ఆమె 'హియ' అంటే దుబాసీ 'హోయ్' అంటున్నాడు,
నా కాగితం మీద రెండూ ఒకే 'గ'.
ఇప్పుడు దుబాసీకి పనిలేదు.
గోడ మీద సెకన్ల ముల్లు పదిహేడు సార్లు కదిలింది.
రుజువు భారం ఎవరిదో నా పట్టికలో స్పష్టంగానే ఉంది, ప్రాసిక్యూటరుది.
నేను చూస్తుండగానే అది లేచి వెళ్లి
ఆమె భుజాల మీద కూర్చుంది.

"నే" అంది. వాళ్ల భాషలో, లేదని.
"మోకాలు నొప్పి. రేపు చూద్దాంలే అనుకున్నా."

నాలుగో ఎత్తు.
నా నమూనాలో దానికి ఖర్చు లేదు,
ఒక పెట్టె రంగు మారుతుంది, ఆట సాగుతుంది.
ఇక్కడ విబ్రెన్ తల వంచుకున్నాడు.
వెనక బెంచీలో బీమా కంపెనీ మనిషి పెన్ను మూత తీశాడు.
పదకొండు దూడలు రెండోసారి కాలాయి,
ఈసారి ఆమె ఒక్కతె ఎదుట.

తిరుగు రైల్లో బాణాలన్నీ సరిచూశాను. ఎక్కడా తప్పు లేదు.
ఆ పదిహేడు సెకన్లకీ ఒక పెట్టె గీశాను,
లోపల ఏం రాయాలో తోచలేదు.
కిటికీ అవతల, చీకటి పడే పొలాల్లో
తెల్ల ప్లాస్టిక్ చుట్టిన గడ్డిమోపులు.
ఏది లోపల ఎంత వేడెక్కి ఉందో.