చుక్క నడుస్తోంది

ఏప్రిల్ వాన. నైరోబీలో రాత్రి ఒకటీ నలభై.
నా బల్ల మీద మూడు తెరలు, చల్లారిన టీ,
చెవిలో ఒక కుర్రాడి గొంతు.
బరాసా అట. పద్నాలుగేళ్లట.
పక్కింటి నెకెసాకి చీకటి పడ్డప్పటినుంచీ నొప్పులట.

"ఎక్కడున్నారు నాన్నా?"
"మథారేలో. నీలం ట్యాంకు దాటాక
చపాతీల ముసలమ్మ సందు.
ముసలమ్మ పోయినేడు పోయింది.
సందుకి ఇంకా ఆమె పేరే."

మ్యాపులో ఆ సందు లేదు.
రేకుల కప్పులన్నీ కలిసి ఒకటే బూడిద మరక.
"నీ ఫోనుకి లింకు పంపాను. నొక్కు.
నేను చెప్పేదాకా మూయకు."

అప్పుడు పుట్టింది,
చుక్కలన్నిటినీ మింగిన మబ్బు కింద
ఆవగింజంత నీలి చుక్క.
దాని చుట్టూ పలచని వలయం:
ఇక్కడే ఉన్నాడు, కాదంటే ఇరవై మీటర్ల అవతల, ఏమో,
అని అది ఒప్పుకునే తీరు.
యంత్రాల్లో నాకు నచ్చే వినయం అదొక్కటే.

ఎర్ర చుక్క మ్వాంగంగి బండి.
జూజా రోడ్డు మీద నీళ్లలో పాకుతోంది.
అతని తెర మీదా ఇవే రెండు చుక్కలు,
ఆస్పత్రిలో మంత్రసాని తెర మీదా ఇవే.
ముగ్గురం మూడు చోట్ల కూర్చుని
ఒకే దీపానికి చేతులడ్డం పెట్టినట్టు.

ఇంతలో నీలి చుక్క కదిలింది.
కొంచెం కుడికి. ఆగింది. మళ్లీ.
రేకుల మధ్య సిగ్నలు ఇలాగే తూలుతుంది,
తాగినవాడిలా గోడనుంచి గోడకి.
"నమ్మకు దాన్ని" అన్నాను రేడియోలో.
"మొదటి చోటికే పో."

అరవై మీటర్లు. తొంభై.
తాగినవాడు ఇంత తిన్నగా నడవడే!

"బరాసా, మీరు కదులుతున్నారా?"
వాన హోరు. ఎవరో అడుగులు లెక్కపెడుతున్నారు,
మోజా, మ్బిలి, తాతు.
"తలుపు ఊడదీశాం. దాని మీద మోస్తున్నాం.
ఆరుగురం. కాదు, ఇప్పుడు తొమ్మిదిమంది."

నా తప్పు నాలుక మీద ఇంకా వెచ్చగానే ఉంది.
"మ్వాంగంగీ, ఇందాక చెప్పింది మర్చిపో.
చుక్క నడుస్తోంది."

నాలుగు శాతమే ఛార్జి అన్నాడు బరాసా.
టార్చి ఆర్పమన్నాను.
కాళ్ల కింద ఏముందో కనపడొద్దా అన్నాడు.
పొడి కుర్చీలో కూర్చున్నదాన్ని,
ఏం చెప్పను?
"వెలిగించుకో" అన్నాను.

తెర మీద రెండు చుక్కలకీ మధ్య గోరంత దూరం.
ఆ గోరంతలో
ఒక మురికికాలువ, ఊగే చెక్క వంతెన,
నెకెసా పళ్ల కింద నలిగే గుడ్డ అంచు.

ఒకటీ యాభై ఎనిమిదికి
నీలి చుక్క బూడిద రంగైంది.
కింద సన్నటి అక్షరాలు: ఇప్పుడే కనిపించింది.
తర్వాత: ఒక నిమిషం క్రితం.
తర్వాత నేను చదవలేదు.

"న్యబొకె, మాట్లాడకు" అన్నాడు మ్వాంగంగి.
సైరన్ ఆపాడు. ఇంజనూ ఆపాడు.
అద్దం దించిన చప్పుడు.
అతని మైకులోంచి నేనూ విన్నాను:
రేకుల మీద వాన, ఒక కుక్క,
వాటి అడుగున ఎక్కడో, టంగు టంగున,
గిన్నె మీద గరిటె.

మా కంపెనీ పుట్టకముందునుంచీ
ఉన్న విద్య అది.

ఎర్ర చుక్క రోడ్డు వదిలేసింది.
మ్యాపులో దారి లేని చోట,
బూడిద చుక్కకి బాగా ఎడంగా
ఆగిపోయింది.

ఆడపిల్ల. బండి వెనక మెట్టు మీదే.
వానలో పుట్టింది కనక నఫూలా అంటారట వాళ్లు.

ఫారం నింపాలి.
'సంఘటన జరిగిన కచ్చితమైన స్థలం' అనే గడిలో
'నడుస్తోంది' అని కొట్టాను.
అంకెలే వేయమంది.
వంతెన అంకెలు వేయనా, మెట్టువా, ఆ గరిటె మోగిన చోటువా?
ఖాళీగా వదిలేశాను, సూపర్‌వైజరు తిడితే తిట్టనీ.

ఆరూ పదికి, నేను కోటు వేసుకుంటుంటే,
తెర మీద నీలి చుక్క మళ్లీ వెలిగింది.
ఎక్కడో ఛార్జి పెట్టుకున్నాడు కాబోలు.
మూయకు అన్నాను కదా, మూయలేదు.
చపాతీల ముసలమ్మ సందులో
కదలకుండా ఉంది.
తలుపు లేని ఇంటి ముందు
కాపలా కూర్చున్నాడు.

లింకు నేనే మూయాలి ఇటునుంచి.
కోటు గుండీలు పెట్టుకుంటూ
కాసేపు నిలబడ్డాను.