రెండో రిమోటు

ఆదివారం సంతలో, తుక్కు ఇనుము పక్కన దొరికింది.
మూడునూర్ల యాభై చెప్పి రెండునూర్లకు ఇచ్చినాడు.
పసుపు పట్టిన తెల్ల డబ్బా, రెండు రిమోట్లు,
ఒక కేసెట్టు.
దాని మీద తొమ్మిదివేల తొమ్మిదినూర్ల తొంభైతొమ్మిది ఆటలని అచ్చు.
లోపల నాలుగే.
ఆ అబద్ధం గూడా మారలేదు.

గుంతకల్లు రైల్వే క్వార్టర్సులో
నాయనకు బోనసొచ్చిన యేడు
ఎర్రిస్వామి రెండు పూటలు సంగటి ముట్టకుండా పండుకొని
కొనిపిచ్చుకున్న డబ్బా ఇట్లాంటిదే.
మొదటి రిమోటు వానిది, అన్న గదా.
రెండోది నాది.
చూసేకి రెండూ ఒకటే.
కానీ నాదాంట్లో నడిమి బొత్తాలు రెండూ ఉండవు.
ఆట మొదలుపెట్టే బొత్తాము లేదు,
ఆపే బొత్తామూ లేదు.

ఆటలో ధర్మం ఒకటే:
మొదటోడు చచ్చేదాకా రెండోవాడు రాడు.

నేను కాళ్ళు ముడుచుకోని కూసోని
చెనిక్కాయలు వలుస్తా
మా యన్న చావు కోసం చూసేదాన్ని.
"బిరీన సావురా" అంటే
తోడబుట్టినోన్ని ఎవరన్నా అట్లంటారా అని
పొయ్యికాన్నుంచి అమ్మ ఊదుగొట్టం చూపిచ్చేది.
వాడు చావడే!
గాల్లో తేలే బండల మీద
ఆ బుడ్డోడు ఎగిరితే వీని భుజం గూడా ఎగిరేది,
నాలుక పంటి కింద పెట్టుకోని
మబ్బులు దాటి, మంచు దాటి,
కోట గోడ ఒక్క వేలెడు కనపడేలోపల
కరెంటు పొయ్యేది.
మళ్ళా కరెంటొస్తే మళ్ళా మొదట్నించి.
మళ్ళా వాడే.

నాకు తెలిసిన లోకమంతా
మూడు గుంతలు, ఒక మెట్ల దిబ్బ.

నాకు ఆటలమ్మ పోసిన వారం
వేపాకుల మీద, వాకిలికి ఎడంగా పడుకోబెట్టినారు.
వాడు వైరు సాగదీసి, సాగదీసి
రెండో రిమోటు నా చేతికందిచ్చి
మొదటి గుంతలోనే దూకినాడు.
"అయ్యో, జారినాన్లే. నీ వంతు."
నేను చస్తే, వాడు మళ్ళా అదే గుంతలో.
"అయ్యో."
మూడోసారి గూడా అదే అయ్యో.
అంత చెడ్డ చెయ్యి కాదు వానిది.
ఇన్నేండ్లలో నేను అడగలేదు, వాడు చెప్పలేదు.

రాత్రి గూడ్సు దిగి నేరుగా ఇంటికొచ్చినాడు.
బూట్లిప్పుతా డబ్బా చూసి
ఏమీ అనకుండా పోయి
రెండో రిమోటు తీసుకున్నాడు.
"వన్నూరా, ఈసారి నువ్వు ముందు."

కేసెట్టు నోట్లో ఇద్దరమూ ఊదినాము.
తెర మీద గీతలు, ఇంకా గీతలు,
తరువాత ఆ నీలం ఆకాశం.
ఎంత చిన్నదో! గడి గడిగా, ముగ్గుపిండి రాలినట్ల.
ఆ బుడ్డోని మొగంలో కండ్లంటే రెండు చుక్కలే.
ఇన్నేండ్లూ నా తలకాయలో వాడు నవ్వుతాండె.

ఈ ఆటకు ఎడమవైపు తెలీదు.
దాటిన బండ తెర అంచున పడితే
ఎంత నొక్కినా గోడే.

నాకు చావు రావడం లేదు.
ఆ మూడు గుంతలు, ఆ దిబ్బ, దాని వెనకాల
నేనెప్పుడూ అడుగు పెట్టని మంచు;
వాని భుజం ఎట్ల లేచేదో
నా భుజానికి ఎట్ల గుర్తుందో!
చూసి చూసి నేర్చుకున్న చెయ్యి.
పక్కన చెనిక్కాయల పొట్టు చప్పుడు
కాసేపు వినపడింది,
తరువాత లేదు.

కోట గోడ ఒక వేలెడు.
రెండు వేళ్ళు.
కరెంటు పోలేదు.

తిరిగి చూస్తే
వాడు రిమోటు ఎద మీద పెట్టుకోని నిద్రపోయినాడు,
వంతు రాకుండానే.
మూడింటికి డ్యూటీ పిలుపు ఉండాది.
గుంతలో దూకి వాన్ని లేపుదామా అనుకున్నా ఒక గడియ.

ఇప్పుడు నా రిమోటుకు ఆపే బొత్తాముంది.

నొక్కినా.
రెండు బండల నడుమ, గాల్లో
ఎగిరినవాన్ని ఎగిరినట్లే నిలబెట్టి,
వీనికి పొద్దున ఉగ్గానికని
ఉల్లిగడ్డలు తరిగేకి లేచినా.