రేకు మందం

ముందుగాల కళ్ళతోని చూడొద్దు.
వేలి కణుపుతోని కొట్టి వినాలె.
టంగుమంటె పలచన,
దబ్బుమంటె దమ్మున్నది.
ఇది మా నాయిన నేర్పిన చదువు.
బేగంబజార్ల పెండ్లి ట్రంకుపెట్టెలు చేసేటోడు వీరభద్రాచారి,
మూత మీద ఇద్దరు పిల్లల్ని నిలబెట్టి
గంతులెయ్యమని, అప్పుడు ధర చెప్పేటోడు.
ఆ ఇద్దర్ల ఒకదాన్ని నేను.

ఇప్పుడు చెనాయ్ ట్రేడ్ సెంటర్ల
మెట్ల మలుపు కాడ ఆరడుగుల దుకాణం నాది.
మే నెల. కరెంటు పోయిన పగలు
ఛత్తాబజార్ నుంచి కుల్సుం వచ్చింది.
పెండ్లి కార్డులు కంపోజ్ చేస్తది,
ఉర్దూ కుడి నుంచి, తెలుగు ఎడమ నుంచి,
ఒకే తెర మీద రెండు దిక్కుల పెండ్లిండ్లు.
పాత డబ్బా లోపల్లోపల ఉడికిపోయి
ఒక పెండ్లికొడుకు పేరు సగంల ఆగిందట.
"అక్కా, అద్దాలొద్దు, లైట్లొద్దు.
ఎన్ని ఎండకాలాలు ఆగుతదో అది చెప్పు."

రెండు తీసి పెట్టిన.

మొదటిది అద్దాల మేడ.
ముంగట మూడు ఫ్యాన్లు, ఏడు రంగులు,
కానీ ముఖం మొత్తం మూసుకున్నది,
ముక్కు పట్టుకొని పరుగుపందెం ఉరికినట్టు.
గాలి యాడికెల్లి రావాలె?
పక్క పలక తీసి ఒక మూల పట్టుకుంటె
విసనకర్ర లెక్క ఊగింది.
వెనక సందులకు అడ్డమున్న రేకుముక్కలు
విరగ్గొట్టుడే గని మళ్ళ పెట్టరాదు,
పొరపాటున ఒకటి విరిచినవా
అది బొద్దింకకు కిరాయి ఇల్లు.
లోపల చెయ్యి పెట్టిన.
అంచు మడవలే. చూపుడువేలు తెగింది.
ఇగ నేనేం మార్కులెయ్యాలె?
రక్తమే సున్న చుట్టింది.

రెండోది నల్లగ, మొద్దుగ,
బియ్యం డబ్బా లెక్క మర్యాదగ కూసున్నది.
కణుపుతోని కొడితె దబ్బు.
ముంగట సన్న కన్నాల జాలి, అయస్కాంతం పట్టుకున్నది,
ఊడదీసి కడిగి దండెం మీద ఆరేసుకోవచ్చు.
బోర్డు వెనక బొటనవేలు దూరే సందు,
వైర్లన్నీ జడేసుకొని పోవచ్చు.
రూపాయి బిళ్ళతోని గీకితె
రంగు ఊడలే, బిళ్ళే నల్లబడ్డది.
స్క్రూ తిప్పితె మూడో చుట్టుకు
గట్టిపడి ఆగింది. కిర్రుమనలే, జారలే.
నా పాత బోర్డు ఒకటి పెట్టి చూసిన,
తొమ్మిది కన్నాలు తొమ్మిది కాళ్ళ మీద సరిగ్గ దిగినయ్.
బటన్ మాత్రం వదులు,
ఊడబోయే పాలపన్ను లెక్క లొటలొట.
కాళ్ళల్ల ఒకటి కురచ.
పేపర్ మడిచి కింద పెట్టుకో అన్న.
దాచి అమ్మితె నాయిన కలలకొచ్చి తిడతడు.

ఆఖర్న టార్చి వేసి అడుగు చూస్తుంటె
మడత కాడ, రంగు కింద,
ఒక వేలిముద్ర.
రంగు కొట్టకముందు ఎవరో
నూనె చేతితోని పట్టుకున్నరు.
ఏ ఊరి ఫ్యాక్టరీదో అట్టపెట్టె మీద లేదు.
గోరుతోని గీకిన, పోలే.
చున్నీతోని తుడిచిన, పోలే.
తప్పే. తనిఖీల పక్కకు పెట్టాల్సిన తప్పే.
కుల్సుం వంగింది,
ప్రూఫు దిద్దేటప్పటి లెక్క ముక్కు ఆనిచ్చి చూసింది.
"బొటనవేలు," అన్నది. "ఎడమది."
కొంచెంసేపు ఇద్దరం ఏం మాట్లాడలే.
కింద జనరేటర్ మొదలైంది.
"దీనికి రెండొందలు తగ్గించు."
నూటయాభై తగ్గించిన.

అట్టపెట్టె నాకే ఇడిచిపెట్టి
ఆటోల ఒళ్ళో పెట్టుకొని పోయింది.
బల్ల మీద ఒక స్క్రూ మిగిలింది.
ఎప్పుడూ ఒకటి మిగుల్తది,
యాడిదో ఇప్పటిదాంక తెలవలే.
తెగిన వేలికి టేపు చుట్టుకుంట
ఖాళీ పెట్టెను కణుపుతోని కొట్టిన.
అట్ట. అట్టల ఏం సప్పుడుంటది.
అయినా విన్న.