అల్లికుళం కోర్టు, రెండో అంతస్తు

కోర్టు మెట్లు ఎక్కకూడదంటారు మావాళ్లు.
ఎన్ని మెట్లో మాత్రం చెప్పరు.
అల్లికుళంలో ఇరవై రెండు.
పదకొండో మెట్టు దగ్గర మలుపు,
అక్కడ గోడ మీద తాంబూలం ఉమ్మిన ఎర్ర పటం.
అల్లికుళమంటే కలువ కొలనట.
నీళ్లెప్పుడు పోయాయో
టీ కొట్టు పెద్దాయనక్కూడా గుర్తు లేదు.

నా సంచిలో
నాలుగేసి జిరాక్సులు, పిన్నీసులు,
గ్లూకోజ్ బిస్కెట్లు, ఒక పెన్ను, ఆ పెన్ను రాయకపోతే ఇంకోటి.
పిల్లలు వెంట వస్తే రంగు పెన్సిళ్లు.
"మీరు లాయరమ్మా?" కాదు.
"చుట్టమా?" కాదు.
"మరి?"
మరి అంటే,
వరండాలో ఆ చివర్న అతను నిలబడితే
అతని చూపు వచ్చే దారిలో
నేను కాస్త లావుగా కూచుంటాను.
అదీ నా ఉద్యోగం.

ధనకోటి పల్లావరంలో తోలు చేతితొడుగులు కుడుతుంది.
ఇది ఏడో వాయిదా.
వాయిదాకో రోజు కూలి పోతుంది.
ప్రతిసారీ అదే నీలం చీర.
"ఇది చూస్తే జడ్జమ్మకి నేను గుర్తుంటాను కదక్కా."
ఏడాదిగా నాతో ఒకటే మాట:
చెయ్యి చేసుకున్నాడు.
చెవి వెనక కుట్లు చూపిస్తూ కూడా
చెయ్యి చేసుకున్నాడనే,
స్నానం చేశాడు, అన్నం తిన్నాడు అన్నట్టు.

నేను మాట అందించకూడదు. అది నియమం.
పక్కన ఉండచ్చు, నోరు కాకూడదు.

పన్నెండున్నరకి పిలిచారు.
బంట్రోతు నోట్లో పేరు నలిగి
కోటి పోయి కోడి మిగిలింది.
ధనకోటి నవ్వింది, ఆ రోజుకి మొదటిసారి.

లోపల తెలుగులోనే చెప్పింది, అదే మాట.
గుమాస్తా తమిళంలోకి మార్చాడు:
"కై నీట్టినార్."
చెయ్యి చాచారు, అని.
చిల్లర కోసం చాచినట్టు.
ఎవర్నో రోడ్డు దాటించడానికి చాచినట్టు.
టైపిస్టు వేళ్లు లేచాయి.

"ఇల్లె సార్," అంది ధనకోటి,
పన్నెండేళ్లుగా బస్సుల్లో, రేషన్ షాపులో నేర్చుకున్న తమిళంలో.
"నీట్టలే. అడిచ్చాన్."
గుమాస్తా అతనికి తగిలించిన గౌరవాన్ని కూడా కత్తిరించేసి.
ఆ పైన, నావైపు తిరక్కుండా,
ఎవరూ అడక్కుండానే, తెలుగులో:
"కొట్టాడు."

నా చేతిలో బిస్కెట్ల పొట్లం నలిగిన చప్పుడు
నాకే పెద్దగా వినిపించింది.

పదిహేడుకి వాయిదా.
అంతే. తీర్పు కాదు, ఏమీ కాదు.
జిరాక్సులు మళ్లీ తెమ్మన్నారు, ఈసారి ఐదు.

దిగుతూ మెట్లు పైకే లెక్కపెట్టింది.
ఇరవై మూడంది.
ఇరవై రెండమ్మా, నాకు తెలీదా, అన్నాను.
"గడపని వదిలేశారక్కా."