పదమూడో నెల

పాగుమే మూడున, వాన పడుతుండగా పుట్టింది పాప.
ఆ రోజు వాన పుణ్యమని
ఆసుపత్రి చూరు కింద పిల్లలు
చొక్కాలు విప్పి తడుస్తున్నారు.
లోపల నమోదు బల్ల దగ్గర యిహునె
మౌసు మీద వేలు ఆనించి ఆగిపోయాడు.
తెర మీద నెలలు పన్నెండే.
మా ఇథియోపియాకు పదమూడు.

పదమూడోది చిన్నది. అయిదు రోజులు,
నాలుగేళ్ళకోసారి ఆరు.
ఏడాది సంచీ మూతి కట్టేశాక
కింద రాలి దొరికిన గింజలు.
ఆ గింజలు లేకుండా పట్టిక కట్టింది నేనే.
రాజధానిలో, ఏడో అంతస్తులో,
డబ్బిచ్చినవాళ్ళ గడువు తరుముకొస్తుంటే
ఎక్కడిదో తయారుగా ఉన్న కాలెండరు తెచ్చి
పేర్లు చెరిపి మా పేర్లు రాశాను,
మెస్కెరెమ్ నుంచి నెహాసె దాకా.
గళ్ళు నిండాయి. పని అయిందన్నాను.
మా అమ్మ పుట్టింది పాగుమేలోనే.

యిహునె మాత్రం ఏం చేస్తాడు?
ఖాళీగా వదిలితే గడి ఎర్రబడుతుంది,
ఎర్రబడితే చీటీ రాదు,
చీటీ లేనిదే మంచం లేదు.
వరుసలో ఇంకా పదిహేడుమంది.
నెహాసె ముప్పై అని నొక్కేశాడు.
బొడ్డుకోసిన గాయం ఆరకముందే
పాపకు మూడు రోజులు ఎక్కువ వయసొచ్చింది.

రెండో రోజుకు కళ్ళు పచ్చబడ్డాయి.
రక్తం తీస్తే అంకె పద్నాలుగు.
యంత్రం అంకెను చూసింది, వయసును చూసింది,
తన గీత మీద చుక్క పెట్టుకుంది:
అయిదో రోజు బిడ్డకు పద్నాలుగంటే భయం లేదు.
పచ్చ దీపం వెలిగించింది.

పచ్చకామెర్ల వాడికి లోకమంతా పచ్చన అంటారు.
ఇక్కడ జబ్బు తెరకు కూడా సోకింది.

నర్సు వుబాలెమ్ తెరవైపు చూడలేదు.
పాప ముక్కుకొన మీద వేలితో నొక్కి వదిలి
నెత్తురు తిరిగొచ్చేలోగా
అక్కడ ఏ రంగుందో చూసింది.
రొమ్ము మీద నొక్కింది. బొడ్డు కింద నొక్కింది.
"ఎప్పుడు కన్నావు?"
"పిల్లలు వానలో ఆడినరోజు," అంది దెబ్రితు,
"రాత్రి మూడింటికి."
మా రాత్రి మూడంటే పొద్దుగుంకాక మూడు.
వుబాలెమ్ కణుపుల మీద లెక్కేసింది.
నలభై గంటలు కూడా నిండలేదు.
కళ్ళకు గుడ్డ కట్టి, నీలం దీపం కింద పడుకోబెట్టి,
అప్పుడు నాకు ఫోను చేసింది.
"మీ యంత్రంలో పాగుమే ఎక్కడ నొక్కాలి నాయనా?"
ఎత్తిపొడుపు కాదు.
తనకే చేతకావట్లేదనుకుని అడిగింది.

తొమ్మిది గంటలు బస్సులో వెళ్ళాను.
కొండల నిండా కొత్త ఏడాది పూలు, పచ్చగా.
దెబ్రితు అప్పటికే పాపను ఎత్తుకుని ఇల్లు చేరింది.
రోజంతా యిహునె పక్కన స్టూలు వేసుకు కూర్చుని
వాడెక్కడ ఆగుతాడో, ఎక్కడ అబద్ధమాడతాడో
చూశాను. ఎన్నిచోట్లని చెప్పను!
ఊరు లేని వాడికి ఊరు,
ఇంటిపేరు లేని మాకు ఇంటిపేరు.

సాయంత్రం సొరుగులోంచి
పిల్లలు రాసుకునే నోటుపుస్తకం ఒకటి తీశాడు.
మూడేళ్ళలో పాగుమేలో పుట్టిన నలభై ఒక్కమంది,
అసలు తేదీ, అసలు గంట, నీలి సిరాతో.
"ఎవరూ రాయమనలేదు," అన్నాడు.
"ఎప్పటికైనా ఎవరో ఒకరు అడుగుతారని."

పదమూడో గడి ఆ రాత్రే కలిపాను.
నివేదికలో పన్నెండు నిలువులే ఉన్నాయని
రాజధాని నుంచి ఉత్తరం వచ్చింది,
అది ఇంకో గొడవ.
వాడు చదువుతుంటే నేను దిద్దుతూ పోయాను.
ఇరవై ఆరో పేరు దగ్గర
యిహునె కాగితం మీద అరచెయ్యి పెట్టాడు.
జెనరేటరు చప్పుడు. కాసేపటికి చెయ్యి తీశాడు.
"ఇది కూడా దిద్దు."

దిద్దాను.
యంత్రం మళ్ళీ లెక్కవేసుకుంది.
పచ్చ దీపం ఆరి
ఎర్రది వెలిగింది,
రెండేళ్ళు ఆలస్యంగా.